ఈస్టర్న్ రెలిజియన్స్ ఇంట్రో కోర్సు: కర్మ గురించి నాకు తెలుసనుకున్నా, ఫస్ట్ పేపర్లోనే తేలిపోయింది

మూడో_బెంచీ:

అందరికీ నమస్తే. నాది కంప్యూటర్స్ మేజర్, హ్యుమానిటీస్ క్రెడిట్లు కొన్ని తప్పనిసరి కాబట్టి ఈ సెమిస్టర్ ఈస్టర్న్ రెలిజియన్స్ ఇంట్రో తీసుకున్నా. దాచుకోవడం ఎందుకు, ఈజీ అని తీసుకున్నా. సిలబస్‌లో హిందూ, జైన, బౌద్ధ, సిక్కు, తర్వాత కన్ఫ్యూషియనిజం, తావోయిజం, చివర్లో జపాన్ వాళ్ళ షింటో ఉన్నాయి. మొదటి సగం మనం చిన్నప్పట్నుంచి వింటున్నదే కదా, ధర్మం కర్మ మోక్షం అనడానికి పక్కవాళ్ళు నోరు తిరక్క అవస్థ పడుతుంటే మనం దర్జాగా కూర్చోవచ్చు అనుకున్నా.

ఫస్ట్ పేపర్ టాపిక్ "ఏవైనా రెండు సంప్రదాయాల్లో కర్మని పోల్చండి". నేను జైనం, బౌద్ధం తీసుకుని రాత్రికి రాత్రి నాలుగు పేజీలు ఊదేశా. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అన్నట్టు రెండిట్లోనూ అదే చెప్పారు, మంచి చేస్తే మంచి చెడు చేస్తే చెడు, కాబట్టి రెండూ ఒకటే అని తేల్చేశా. సి మైనస్ వచ్చింది. కింద ఒకే ఒక్క లైను, "ఇది నువ్వు ఇంటి నుంచి తెచ్చుకున్నది, చదివింది ఎక్కడుంది?" అని. సిగ్గేసింది.

తిరగరాసుకోవడానికి ఒక ఛాన్స్ ఇచ్చారు. అందుకే అడుగుతున్నా. కర్మ అంటే నిజంగా అన్నిట్లో ఒకటి కాదా, అంత తేడా ఏముంది? ఇంకోటి, బౌద్ధంలో ఆత్మ లేదంటారు మళ్ళీ పునర్జన్మ ఉందంటారు, ఆత్మే లేకపోతే మళ్ళీ పుట్టేది ఎవడు, క్లాసులో అడిగితే మంచి ప్రశ్న అని నవ్వేసి స్లైడ్ మార్చేశారు. కన్ఫ్యూషియస్ చెప్పిందేమో పెద్దల్ని గౌరవించు, పద్ధతిగా ఉండు టైపులో ఉంది, అది మతం ఎలా అయింది? మిడ్‌టర్మ్‌లో దాని మీదే ఎస్సే వస్తుందని సీనియర్లు అంటున్నారు. వారానికి 80 పేజీల రీడింగ్, మిడ్‌టర్మ్‌కి 5 వారాలు. ఎవరైనా ఈ కోర్సు చేసినవాళ్ళుంటే ఎలా చదవాలో చెప్పండి.


లాస్ట్‌మినిట్:

బ్రో టెన్షన్ వద్దు, నేను చేశా ఈ కోర్సు. ఒక పెద్ద చార్ట్ తీసుకో, 7 అడ్డవరసలు, 5 కాలమ్స్. స్థాపకుడు, గ్రంథం, దేవుడు, చచ్చాక ఏంటి, ముఖ్యమైన నంబర్లు. బౌద్ధం 4 సత్యాలు 8 అంగాల మార్గం, జైనం 24 తీర్థంకరులు 5 వ్రతాలు, సిక్కు 10 మంది గురువులు 5 కకారాలు (ఒంటి మీద ఉంచుకునే గుర్తులు), గీత 18 అధ్యాయాలు 700 శ్లోకాలు, తావోయిజం గ్రంథం తావో తె చింగ్ 81 అధ్యాయాలు. గోడకి అంటించు, పళ్ళు తోముకుంటూ చూడు. బి ప్లస్ వచ్చింది నాకు. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు, అది వేరే విషయం 😄


పాత_టీఏ:

మూడు సెమిస్టర్లు ఈ కోర్సుకి టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా, పేపర్లు దిద్దినదాన్ని, కాబట్టి కాస్త పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

ముందు మీకో ఓదార్పు. మొదటి పేపర్లో దెబ్బతినేది ఎక్కువగా మనలాంటివాళ్ళే. ఆ మాటలు ఎప్పుడూ విననివాళ్ళు ప్రతి మాట దగ్గరా ఆగి పుస్తకం తిరగేస్తారు, మనం ఆగం, కర్మ అని కనపడగానే మన బుర్రలో ఉన్న కర్మ వచ్చి కూర్చుంటుంది. "నా కర్మ" అని నుదురు కొట్టుకునే కర్మ అన్నమాట. టెక్స్ట్ చెప్పే కర్మ ఇక కళ్ళకి కనపడదు.

జైనంలో కర్మ అంటే ఒక పదార్థం. ఉపమానం కాదండోయ్, నిజంగానే పదార్థం, పుద్గలం అంటారు, కంటికి కనపడనంత సూక్ష్మమైన రేణువులు. మనసు మాట ఒళ్ళు కదిలినప్పుడల్లా అవి జీవుడి వైపు ప్రవహిస్తాయి, దాన్ని ఆస్రవం అంటారు, కోపం గర్వం మాయ (అంటే మోసం) లోభం జిగురులా పనిచేసి వాటిని అంటించేస్తాయి, అది బంధం. కొత్తది రాకుండా ఆపడం సంవరం, అంటుకున్నదాన్ని తపస్సుతో రాల్చడం నిర్జర. ఇందులో తీర్పు చెప్పే దేవుడు లేడు, అవసరం కూడా లేదు, ఒంటికి నూనె రాసుకుని దుమ్ములో తిరిగితే దుమ్ము అంటుకోడానికి ఎవరైనా ఆర్డర్ వెయ్యాలా? జైన సాధువులు నేల ఊడ్చుకుంటూ నడవడం, కొందరు మూతికి గుడ్డ కట్టుకోవడం, అంత కఠినమైన ఉపవాసాలు చెయ్యడం, వీటన్నిటి వెనకా ఉన్న లెక్క ఇదే. ఈ లెక్క తెలియకపోతే అవన్నీ వింత అలవాట్లలా కనపడతాయి.

బుద్ధుడి దగ్గరకొస్తే కథ మారిపోతుంది. బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఆయన సూటిగా అంటాడు, చేతననే నేను కర్మ అంటాను అని. చేతన అంటే ఇక్కడ ఉద్దేశం, సంకల్పం. ముందు మనసులో అనుకుంటారు, తర్వాతే ఒంటితోనో మాటతోనో చేస్తారు, బరువంతా ఆ అనుకోవడంలోనే ఉంది. దుమ్ము లేదు, జిగురు లేదు.

వీళ్ళిద్దరూ ఒకే కాలంలో ఒకే ఊళ్ళల్లో భిక్ష అడుక్కుంటూ తిరిగిన సంఘాలు. వాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు, దాని మీద కొట్లాడుకున్నారు కూడా. అలాంటిదే ఇంకో సంకలనం మజ్ఝిమ నికాయం, అందులో 56వ ఉపదేశం ఉపాలి సుత్తం, దాన్ని చదవండి. ఉపాలి అనే ధనవంతుడు మహావీరుడి శిష్యుడు, గృహస్థు, బుద్ధుణ్ణి వాదంలో ఓడించొస్తానని బయల్దేరతాడు. వాదం దేని మీదనుకున్నారు, ఒంటితో చేసిన తప్పు పెద్దదా మనసుతో చేసింది పెద్దదా అని. మీ పేపర్ టాపిక్ అచ్చంగా అదే. చివరికి ఉపాలే బుద్ధుడి వైపు వచ్చేస్తాడు, అప్పుడు బుద్ధుడు ఏమంటాడంటే, నీ ఇల్లు ఇన్నాళ్ళూ ఆ నిర్గ్రంథులకి, అంటే జైన సాధువులకి, నీళ్ళ రేవులా ఉంది, వాళ్ళొస్తే భిక్ష పెట్టడం మాత్రం మానకు అని. నాకు ఆ సుత్తంలో బాగా ఇష్టమైన చోటు అది.

రెండూ ఒకటే అని మీరు రాసిన పేపర్ని వాళ్ళిద్దరికీ చూపిస్తే ఇద్దరూ కలిసి మీ మీద పడేవాళ్ళు.

ఇంకా హిందూ అని ఒక్క వరసలో పడేసిన దాంట్లో కూడా ఒక మాట మీద లేరు. వేదంలోని యజ్ఞాల మీద చర్చించే మీమాంసకులకి కర్మ అంటే ముందు యజ్ఞకర్మ, ఈరోజు చేసిన యజ్ఞానికి ఎప్పుడో ఫలం ఎలా వస్తుంది అంటే మధ్యలో అపూర్వం అనే ఒక శక్తి నిలిచి ఉంటుంది అన్నారు, ఈశ్వరుడితో పనిలేదు. వేదాంతుల మూలగ్రంథం బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో మీమాంసకుడు జైమిని ఇలా అంటాడు, బాదరాయణుడు మాత్రం ఫలమిచ్చేది ఈశ్వరుడే అంటాడు అని పేర్లు పెట్టి మరీ రాశారు. సిక్కుల ప్రార్థన జప్‌జీలో గురు నానక్ ఒక్క పంక్తిలో తేల్చేశాడు, కర్మ వల్ల ఈ ఒళ్ళనే బట్ట దొరుకుతుంది, మోక్షద్వారం మాత్రం ఆయన దయాదృష్టి వల్లే అని. అంటే కర్మ ఉంది కానీ చివరిదాకా తీసుకెళ్ళలేదు.

ధర్మం అనే మాటతో కూడా జాగ్రత్త. బౌద్ధుల్లో ధర్మం అంటే బుద్ధుడి బోధ, బహువచనంలో అయితే అనుభవాన్ని విడగొట్టగా మిగిలే మూలకాలు. జైనుల ద్రవ్యాల లిస్టులో అయితే ధర్మం అంటే కదలికకి ఆధారంగా ఉండే మాధ్యమం, చేపకి నీళ్ళలాగా! ఇది మొదటిసారి చదివినప్పుడు నేను అచ్చుతప్పు అనుకున్నా.


మూడో_బెంచీ:

అండీ మీరు రాసింది రెండుసార్లు చదివా, దుమ్ము జిగురు మా టెక్స్ట్‌బుక్‌లో ఉన్నాయి, నేను హైలైట్ కూడా చేశా, కానీ ఏదో కవిత్వంగా చెప్పారులే అని వదిలేశా 🤦 మరి ఆత్మ లేకుండా పునర్జన్మ సంగతి?


పాత_టీఏ:

దానికి మిళిందపన్హ చూడండి, గ్రీకు రాజు మినాండర్‌కి నాగసేనుడనే భిక్షువుకి మధ్య ప్రశ్నలు జవాబులు. రాజు అచ్చం మీలాగే అడుగుతాడు. నాగసేనుడంటాడు, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే ఏదైనా అందులోంచి ఇందులోకి నడిచెళ్ళిందా? లేదు కదా, కానీ రెండోది మొదటిదాని వల్లే వెలిగింది. సరే వెళ్ళింది ఎవరూ లేకపోతే పాపం కూడా పోయినట్టే కదా అంటే మామిడిపళ్ళ దొంగ ఉదాహరణ చెప్తాడు. దొంగ దొరికాక, ఈ తోట యజమాని నాటింది టెంక, నేను కోసింది పళ్ళు, ఈయనవి నేను ముట్టుకోలేదు అని వాదిస్తే ఒప్పుకుంటారా? ఆ టెంక వల్లే ఈ పళ్ళు, శిక్ష పడాల్సిందే.

ఇది మీకు నచ్చకపోవచ్చు, నైయాయికులకీ, అంటే న్యాయదర్శనం తర్కవాదులకీ నచ్చలేదు, నిన్న చూసిందీ ఈరోజు గుర్తుపట్టిందీ ఒక్కడే కాకపోతే జ్ఞాపకం ఎలా కుదురుతుంది అని వాళ్ళు శతాబ్దాలపాటు బౌద్ధులతో వాదించారు. కాబట్టి మీ డౌట్ గట్టిదే. స్లైడ్ మార్చేసినాయన టైమ్ లేక మార్చి ఉంటారు లెండి, దీని మీద మొదలెడితే ఆ గంట అక్కడే అయిపోతుంది.


తూర్పుగాలి:

కన్ఫ్యూషియస్ ప్రశ్నకి నేను జవాబు చెప్తా, నేను ఈస్ట్ ఏషియన్ స్టడీస్ చేశా.

ముందు లాస్ట్‌మినిట్ గారి చార్ట్ గురించి ఒక్క మాట. దాంట్లో షింటో వరస నింపి చూపించండి. స్థాపకుడు, లేడు. గ్రంథం, 712లో రాసిన కోజికి ఉంది, కానీ అది దేవతల కథలు రాజవంశం కథలు, దాన్ని బైబిల్‌లా రోజూ తీసి చదివే పుస్తకం కాదు. దేవుడు, కామి అంటారు, కొండ కావచ్చు చెట్టు కావచ్చు చనిపోయిన మనిషి కావచ్చు. చచ్చాక ఏంటి, దాని సంగతి చాలావరకు బౌద్ధులకి వదిలేశారు, జపాన్‌లో అంత్యక్రియలు ఎక్కువగా బౌద్ధ పద్ధతిలోనే. చార్ట్‌లో సగం గళ్ళు ఖాళీ. మరి షింటో ఎక్కడుంది అంటే, జపాన్‌లో ఇసే అనే చోట ఉన్న షింటో గుడిని 20 ఏళ్ళకోసారి పక్క స్థలంలో మళ్ళీ కొత్తగా కట్టి దేవతని అందులోకి తీసుకెళ్తారు చూడండి, చివరిసారి 2013లో జరిగింది, అక్కడుంది. చేసే పనిలో ఉంది. మీ చార్ట్‌లో "ఏం చేస్తారు" అనే కాలమే లేదు.

ఇంకో తమాషా. జపాన్‌లో మత సంస్థలు తమ తమ సభ్యులని ఇచ్చే లెక్కలన్నీ కూడితే మొత్తం దేశ జనాభా కంటే ఎక్కువ వస్తుంది. దొంగ లెక్కలని కాదు, ఒకే కుటుంబాన్ని గుడివాళ్ళూ లెక్కేస్తారు బౌద్ధ ఆలయంవాళ్ళూ లెక్కేస్తారు. బిడ్డ పుడితే షింటో గుడికి తీసుకెళ్తారు, మనిషి పోతే బౌద్ధ పురోహితుణ్ణి పిలుస్తారు, వాళ్ళకి అందులో ఇబ్బందేమీ లేదు. "మీది ఏ మతం" అనే ప్రశ్నకి ఒక్కటే జవాబుండాలి అనుకునేది మనం.

ఇక కన్ఫ్యూషియస్, క్రీ.పూ. 551 నుంచి 479. మీరన్నది సగం నిజం. ఆయన మాటల సంకలనం లున్ యూ చదివితే దేవతల్ని ఎలా సేవించాలని శిష్యుడు అడిగితే, మనుషుల్నే సరిగ్గా సేవించడం చేతకాలేదు ఇంక వాళ్ళనెలా అంటాడు, చావు గురించి అడిగితే బతుకే తెలియలేదు చావెలా తెలుస్తుంది అంటాడు. ఇది చూసి చాలామంది ఇది మతం కాదు నీతిశాస్త్రం అని పుస్తకం మూసేస్తారు. కానీ అదే పుస్తకంలో పితృదేవతలకి నైవేద్యం పెట్టేటప్పుడు వాళ్ళు ఎదురుగా ఉన్నట్టే పెట్టేవాడు అని కూడా ఉంది. లి అనే మాట ఉంది చూడండి, దానికి మర్యాద, ఆచారం, కర్మకాండ అన్నీ అర్థాలే, మనలో తద్దినం పెట్టడం, పెద్దలొస్తే లేచి నిలబడటం రెండిటికీ కలిపి ఒకే మాట ఉంటే ఎలా ఉంటుందో అలా. మీరు "పద్ధతిగా ఉండు" అన్నారే, ఆ పద్ధతిలో పూజ కూడా ఉంది.

ఇది మతమా కాదా అనేది కాలేజీ ఎస్సే కోసం పుట్టిన ప్రశ్న కాదు, దీని మీద ఏకంగా పోప్‌కీ చైనా చక్రవర్తికీ చెడింది. మత్తెయో రిచ్చి అనే జెసూట్ పాద్రీ 1582లో మకావ్ చేరాడు, చైనా పండితుల బట్టలేసుకుని వాళ్ళ గ్రంథాలు చదివి, పితృదేవతలకి కన్ఫ్యూషియస్‌కి చేసే నమస్కారాలు లౌకికమైన గౌరవమే, కాబట్టి క్రైస్తవులైనవాళ్ళు కూడా చేసుకోవచ్చు అన్నాడు. తర్వాత వచ్చిన వేరే సంఘాల పాద్రీలు కాదు అది విగ్రహారాధనే అన్నారు. గొడవ రోమ్ దాకా వెళ్ళి, 1715లో పోప్ 11వ క్లెమెంట్ ఆ ఆచారాలు చెయ్యకూడదని ఆజ్ఞ ఇచ్చాడు, కాంగ్‌షీ చక్రవర్తికి ఒళ్ళు మండి మిషనరీల ప్రచారం నిషేధించాడు. 1939లో వాటికన్ మళ్ళీ పర్లేదు చేసుకోండి అంది. ఆచారం అదే, మారింది దానికి తగిలించిన పేరు.

ఇప్పుడు కూడా చూడండి, చైనా ప్రభుత్వం గుర్తించినవి 5 మతాలు, బౌద్ధం తావోయిజం ఇస్లాం క్యాథలిక్ ప్రొటెస్టెంట్, అందులో కన్ఫ్యూషియనిజం లేదు. ఇండోనేషియాలో మాత్రం అది అధికారికంగా గుర్తింపు ఉన్న మతం. పుట్టిన దేశంలో కాదు, వలస వెళ్ళిన చోట అవును. ఎస్సేలో అవుననో కాదనో తీర్పు చెప్పకండి, ఎవరికి ఎప్పుడు ఎందుకు అది మతం అవ్వాల్సొచ్చింది అని రాయండి, దిద్దేవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది.


లాస్ట్‌మినిట్:

సరే షింటో వరస ఖాళీగానే వదిలేశా అప్పట్లో, ఒప్పుకుంటున్నా. కానీ ఆబ్జెక్టివ్ పార్ట్‌లో 24 తీర్థంకరులే అడుగుతారు మాస్టారూ, పోప్ కథ అడగరు 😅


పాత_టీఏ:

అది నిజమే, చార్ట్ పారెయ్యక్కర్లేదు. గడి నిండనప్పుడు బలవంతంగా నింపకుండా అక్కడ ఎందుకు నిండలేదో ఒక వాక్యం రాసుకోండి, ఎస్సేకి కావాల్సిన సరుకు అక్కడే దొరుకుతుంది. బౌద్ధం వరసలో "దేవుడు" గడిలో చాలామంది "లేడు" అని రాస్తారు, సుత్తాల నిండా ఇంద్రుడు బ్రహ్మ కనపడుతూనే ఉంటారు, వాళ్ళూ పుట్టి పోయేవాళ్ళే, విముక్తి ఇచ్చే పని వాళ్ళది కాదు అంతే.


ముక్కుసూటి:

అందరూ బాగానే చెప్తున్నారు కానీ నాకు ఈ కోర్సులంటేనే చిరాకు. మనం బతికే ధర్మాన్ని తీసుకెళ్ళి మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టినట్టు ఉంటుంది. నేను చేసినప్పుడు హిందూకి రెండంటే రెండు వారాలు, అందులో ఒక వారం వేదకాలం ఇంకో వారం ఉపనిషత్తులు గీత, అయిపోయింది. మా అమ్మమ్మ చేసే పూజ ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అసలు హిందూయిజం అన్న మాటే బయటివాళ్ళు పెట్టింది, మతం అన్న చూపే మనది కాదు, ఈ పిల్లాడు ఇంటి నుంచి తెచ్చుకున్నది రాస్తే తప్పేంటి, ఇంట్లో ఉన్నది అబద్ధమా?


తూర్పుగాలి:

మీ కోపంలో సగం ఈ కోర్సులు చెప్పేవాళ్ళకీ ఉంది. హిందూ అనేది సింధు నదికి పర్షియన్ల నోట్లో పడ్డ రూపం, ఇజం తగిలింది ఇంగ్లీషులో, చాలా తర్వాత. మీకు మాత్రమే కాదు, తావోయిజం బుద్ధిజం మాటలకీ అదే గతి. జపనీస్‌లో మతానికి ఇప్పుడు వాడే షూక్యో అనే మాట కూడా మేజీ చక్రవర్తి కాలంలో (1868-1912) 'రెలిజియన్' అనే పరాయి మాటకి జవాబుగా స్థిరపడ్డదే. మన మతం సంగతీ చూడండి, సంస్కృతంలో దానికి అభిప్రాయం అని అర్థం, అభిమతం సమ్మతం అంటున్నామే అందులో ఉన్నది ఆ పాత అర్థమే. శంకరుల మతం అంటే శంకరుల అభిప్రాయం.

ఆ మాటకొస్తే తూర్పు అన్నది కూడా ఎక్కడ నిలబడి తూర్పు? మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో 1879 నుంచి 1910 దాకా ఆక్స్‌ఫర్డ్ నుంచి తూర్పుదేశాల పవిత్ర గ్రంథాలని 50 సంపుటాలు వచ్చాయి, అందులో ఖురాన్ ఉంది, జరతుష్ట్రుల అవెస్తా ఉంది. ఇప్పటి సిలబస్‌లలో ఆ రెండూ చాలాసార్లు పడమర వైపు వెళ్ళిపోయాయి. ముస్లింలు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండోనేషియా ఒకటి, దానికంటే తూర్పు ఎక్కడికెళ్ళాలి!

మీ అమ్మమ్మగారి పూజ పుస్తకంలో లేకపోవడానికి కారణం కూడా ఆ 50 సంపుటాల దగ్గరే మొదలవుతుంది. మొదట చదివినవాళ్ళు గ్రంథాలు అనువదించుకుని, మతమంటే గ్రంథమే అనుకున్నారు. తర్వాత శాసనాలు చదివితే తెలిసింది ఏంటంటే, బౌద్ధ భిక్షువు డబ్బు ముట్టుకోకూడదని వినయ గ్రంథాల్లో, అంటే సంఘ నియమాల పుస్తకాల్లో ఉంటే, సాంచీ స్తూపం రాళ్ళ మీద దానం ఇచ్చినవాళ్ళ పేర్లలో బోలెడంతమంది భిక్షువులు, భిక్షుణులు! గ్రంథం ఒకటి చెప్తుంది, రాయి ఇంకోటి చెప్తుంది.


పాత_టీఏ:

ముక్కుసూటి గారూ, ఇంట్లో ఉన్నది అబద్ధమని ఎవరూ అనట్లేదండి. మీ అమ్మమ్మగారి పూజ మీద పేపర్ రాస్తానంటే నేనైతే ఎగిరి గంతేసేదాన్ని, ఆవిడ ఏ రోజు ఏం పెడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎందుకలా అంటే ఆవిడేం చెప్తారు, ఇవన్నీ అడిగి రాస్తే అది చదువే. ఈ పిల్లాడు చేసింది అది కాదు కదా, ఇంట్లో విన్నది తీసుకెళ్ళి మహావీరుడి నోట్లో పెట్టాడు.

నమ్మకం వదులుకోమని కూడా ఎవరూ అడగరు. నినియన్ స్మార్ట్ అని బ్రిటన్‌లో ఈ సబ్జెక్ట్‌కి ఒక రూపు తెచ్చినాయన, మతాన్ని ఏడు వైపుల నుంచి చూడమన్నాడు, సిద్ధాంతం, కథలు, కర్మకాండ, అనుభవం, నీతి, సంఘం, వస్తువులు కట్టడాలు. మీ రెండు వారాల్లో సిద్ధాంతం ఒక్కటే చెప్పి వదిలేశారు, ఫిర్యాదు న్యాయమే.


ముక్కుసూటి:

మహావీరుడి నోట్లో పెట్టాడు అన్నది మాత్రం ఒప్పుకుంటా. మిగతావి ఆలోచిస్తా.


మూడో_బెంచీ:

నన్ను మధ్యలో పెట్టి బాగానే ఆడుకున్నారు 😂 ఇంకో డౌట్, సెమిస్టర్ చివర్లో ఏదైనా ప్రార్థనా స్థలానికి వెళ్ళి రిపోర్ట్ రాయాలి. గురుద్వారా అనుకుంటున్నా. ఏం చూడాలి?


పాత_టీఏ:

తల కప్పుకోండి, చెప్పులు బయట, లంగర్‌లో, అంటే అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే పంక్తిలో కూర్చుని తినండి, తినకుండా నోట్స్ రాసుకుంటూ నిలబడకండి. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌ని ఎలా తెస్తారో, ఎక్కడ ఉంచుతారో, రాత్రికి ఎక్కడికి తీసుకెళ్తారో గమనించండి, పుస్తకాన్ని చూసుకున్నట్టు చూస్తారా ఒక మనిషిని, గురువుని చూసుకున్నట్టు చూస్తారా అనేది మీకే అర్థమవుతుంది. అందులో గురువుల పదాలతో పాటు కబీరు, నామదేవుడు, రవిదాసు, షేక్ ఫరీదు పదాలు కూడా ఉన్నాయి, లంగర్‌లో అందరూ ఒకే వరసలో కూర్చోవడానికీ దీనికీ సంబంధం ఉందా అని అక్కడివాళ్ళని అడగండి. ఇంటికొచ్చిన రాత్రే రాసుకోండి, వారం ఆగితే మీరు చూసింది పోయి టెక్స్ట్‌బుక్ చెప్పింది మిగులుతుంది.

రీడింగ్‌కి కూడా చిన్న కిటుకు. 80 పేజీలూ ఒకే వేగంతో చదవకండి. టెక్స్ట్‌బుక్ పేజీలు గబగబా తిప్పెయ్యండి, మూలగ్రంథం ముక్క ఐదారు పేజీలు ఇస్తారు చూడండి, దాన్ని మూడుసార్లు చదవండి. తావో తె చింగ్ అయితే మొదటి అధ్యాయం రెండు మూడు అనువాదాల్లో పక్కపక్కన పెట్టుకోండి, మొదటి లైనుకే ఒకరు చెప్పగలిగే తావో అంటారు ఇంకొకరు నడవగలిగే దారి అంటారు, ఎందుకంటే చైనీస్‌లో తావో అంటే దారి కూడా, చెప్పడం కూడా. ఆ ఒక్క లైను మీద క్లాసులో నోరు తెరిస్తే చాలు, ఆ రోజు హాజరు గిట్టినట్టే.


మూడో_బెంచీ:

ఉపాలి సుత్తం నిన్న రాత్రి చదివేశా. భలే ఉంది అసలు. పేపర్ దాని మీదే తిరగరాస్తున్నా. జైనులు ఒంటితో చేసిందే పెద్దదంటారు, బుద్ధుడు మనసుతో చేసింది పెద్దదని నిరూపించాడు, ఉపాలి ఒప్పుకున్నాడు, ఇదీ నా లైను. బాగుందా?


పాత_టీఏ:

చాలా నయం, కానీ ఒక గొయ్యి ఉంది. ఆ సుత్తం రాసుకున్నది ఎవరు? బౌద్ధులు. వాళ్ళ పుస్తకంలో వాళ్ళ గురువు ఓడిపోతాడా మరి. "నిరూపించాడు" అన్న మాట కొట్టేసి, బౌద్ధులు ఇలా చెప్పుకున్నారు అని రాయండి.

జైనుల వైపు కూడా వినాలి కదా. జైన ఆగమం సూత్రకృతాంగంలో రెండో భాగం ఆరో అధ్యయనం తియ్యండి, జైనుల తరఫున ఆర్ద్రకుడు ఒక్కో మతంవాళ్ళతో వాదిస్తూ వెళ్తాడు. అందులో బౌద్ధుడి చేత చెప్పిస్తారు, ఒకడు పిండిముద్దని మనిషనుకుని పొడిచి కాల్చినా, సొరకాయని పసిబిడ్డ అనుకుని కాల్చినా మా లెక్కలో హత్యే, అదే నిజంగా మనిషిని పిండిముద్దనుకుని కాల్చితే హత్య కాదు అని. అంటే ఉద్దేశమే కర్మ అనే సిద్ధాంతాన్ని లాగీ లాగీ ఎక్కడిదాకా తీసుకెళ్ళారో చూడండి, ఇంత వెటకారం ఆ కాలంలోనే. జైనులకి ఉద్దేశంతో అసలు పనే లేదని కూడా రాసెయ్యకండి మళ్ళీ, వాళ్ళ సిద్ధాంత గ్రంథం తత్త్వార్థ సూత్రంలో హింసకి నిర్వచనం ఇచ్చేటప్పుడు ప్రమత్తత, అంటే అజాగ్రత్త, అన్న మాట చేర్చే చెప్పారు.

రెండూ ఎదురెదురుగా పెట్టి రాయండి. ఎవరు గెలిచారో మీరు చెప్పక్కర్లేదు.


మూడో_బెంచీ:

సొరకాయ!! సరే, ఇంకో రెండు రోజులు ఎక్స్‌టెన్షన్ అడిగొస్తా.